చలికాలంలో స్పితికి వెళ్లడం ఎలా

చలికాలంలో హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయ చూడాలనుకునే మన తెలుగువాళ్లలో చాలామంది మొదట చేసే పని మనాలికి టికెట్లు వెతకడం. దారి తప్పేది అక్కడే. 2020 అక్టోబరు 3న అటల్ సొరంగం ప్రారంభమయ్యాక మనాలి నుంచి లాహౌల్‌కు చలికాలంలోనూ రాకపోకలు మొదలయ్యాయి, నిజమే. 9.02 కిలోమీటర్ల ఆ సొరంగం దాటితే సిస్సు, ఆ తర్వాత కేలాంగ్ వస్తాయి. స్పితి మాత్రం రాదు. లాహౌల్‌కూ స్పితికీ నడుమ 4,500 మీటర్లు దాటిన కుంజుమ్ కనుమ అడ్డంగా కూర్చుని ఉంది. మంచు పడి అది మూసుకుపోయిందంటే మళ్లీ వేసవి మొదలయ్యాకే తెరుచుకుంటుంది.

జిల్లా పేరు లాహౌల్–స్పితి, జిల్లా కేంద్రం కేలాంగ్. అయినా జనవరిలో స్పితిలోని పెద్ద ఊరు కాజాలో ఉన్న మనిషికి కేలాంగ్‌లో పని పడితే పక్క జిల్లా కిన్నౌర్ మీదుగా కిందికి దిగి, సిమ్లా వైపు వచ్చి, కుల్లూ, మనాలి మీదుగా మళ్లీ పైకెక్కి, సొరంగం దాటి వెళ్లాలి. స్పితి వ్యవహారాలు చూడడానికి కాజాలోనే విడిగా ఒక అదనపు డిప్యూటీ కమిషనర్‌ ఉండడం ఊరికే కాదు.

కాబట్టి చలికాలంలో మీకున్నది ఒకటే దారి: సిమ్లా, రాంపూర్, రెకాంగ్ పియో, నాకో, తాబో, కాజా. సిమ్లా నుంచి కాజాకు 400 కిలోమీటర్లు దాటుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లి తిరిగొచ్చేంత దూరం కూడా లేదుగా అని లెక్క వేయకండి. ఇక్కడ దూరాన్ని కిలోమీటర్లలో కాదు, రోజుల్లో కొలవాలి.

మొదట నెల తేల్చుకోండి

డిసెంబరులో చలి గట్టిగానే ఉంటుంది కానీ మంచు ఇంకా పూర్తిగా పరుచుకోకపోవచ్చు. ఫొటోల్లో చూసే తెల్లటి లోయ కావాలంటే జనవరి రెండో సగం నుంచి ఫిబ్రవరి చివరి దాకా సరైన సమయం. రోడ్డు మూతపడే ప్రమాదం ఎక్కువగా ఉండేది కూడా అప్పుడే. మార్చిలో ఎండ తగిలి మంచు కరగడం మొదలవుతుంది. కొండ మీది మంచు పొరలు పట్టు తప్పి జారే రోజులవి. చలి తగ్గింది కదా అని మార్చిని ఎంచుకునేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది.

కాజాలో నడి చలికాలపు రాత్రులు సున్నాకు 20 డిగ్రీల దిగువకు పోవడం మామూలు. పై ఊళ్లలో ఇంకా దిగుతుంది. పగలు ఎండలో నిలబడితే కోటు విప్పాలనిపిస్తుంది, గోడ నీడలోకి రెండడుగులు వేస్తే చెవులు మండుతాయి. ఎండ కొండ చాటుకు పోయిన పది నిమిషాల్లో ఊరు మొత్తం ఇళ్లలోకి వెళ్లిపోతుంది. మీరూ అదే చేయండి.

తర్వాత రోజులు లెక్క వేయండి

వారం సెలవు పెట్టి చలికాలపు స్పితి చూసి వద్దామనుకుంటే, ఆ వారానికి ఇంకో ఊరు వెతుక్కోవడం మేలు. రానూపోనూ కలిపి కనీసం పది రోజులు కావాలి. దాని మీద మూడు రోజులు ఖాళీగా ఉంచుకోండి. ఆ మూడు రోజులు విహారానికి కాదు, రోడ్డుకు. ఒక రాత్రి గట్టిగా మంచు పడితే సరిహద్దు రహదారుల సంస్థ యంత్రాలు వచ్చి దారి తీసేవరకు అందరూ ఉన్నచోటే ఉండాలి. మంచు లేకపోయినా నాకో దగ్గరి మలింగ్ నాలా లాంటి చోట్ల కొండచరియలు విరిగిపడి దారి ఆగుతుంది. తిరుగు విమానం టికెట్టును చివరి రోజుకు బిగించి పెట్టుకున్నవాళ్లే ప్రమాదకరమైన రోజున డ్రైవరును తొందరపెడతారు.

హైదరాబాద్ నుంచి చండీగఢ్‌కు విమానంలో, విశాఖ, విజయవాడల నుంచి రైల్లో ఢిల్లీ మీదుగా వచ్చినా, సిమ్లా దాకా అంతా మామూలు ప్రయాణమే. అసలు ప్రణాళిక అక్కడి నుంచి మొదలవుతుంది. ఏ రోజు ఎంత దూరం వెళ్తారన్నది కాదు, ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటారన్నది చూసుకోవాలి.

మొదటి రాత్రి సిమ్లా. అది దాదాపు 2,200 మీటర్లు. రెండో రోజు సిమ్లా నుంచి రాంపూర్ దాటి సరాహన్ దాకా. మంచు ఎక్కువగా ఉన్నప్పుడు కుఫ్రీ, నార్కండా దగ్గరే దారి ఆగిపోతుంది. అప్పుడు బసంత్‌పూర్, సున్నీ మీదుగా పోయే కింది దారి ఉంది, డ్రైవరుకు తెలిసే ఉంటుంది. మూడో రోజు రెకాంగ్ పియో మీదున్న కల్పా, ఇంచుమించు 2,960 మీటర్లు. నాలుగో రోజు సట్లెజ్ వెంట సాగి, ఖాబ్ దగ్గర స్పితి నది వచ్చి సట్లెజ్‌లో కలిసేచోట మలుపు తిరిగి, నాకో, సుమ్‌దో దాటి తాబో చేరండి.

ఇక్కడొక కిటుకు ఉంది. దారిలో నాకో ఊరు, గడ్డకట్టిన చెరువు చూసి అక్కడే రాత్రి ఉండిపోవాలనిపిస్తుంది. నాకో ఎత్తు 3,600 మీటర్ల పైమాట. ముందున్న తాబో 3,280 మాత్రమే. నాకోలో టీ తాగండి, పడుకోవడం తాబోలో పెట్టుకోండి. క్రీస్తుశకం 996లో స్థాపించారని చెప్పే తాబో బౌద్ధ మఠాన్ని మర్నాడు తీరిగ్గా చూడండి. బయటి నుంచి మట్టి దిబ్బల్లా కనిపించే ఆ కట్టడాల లోపలి గోడల నిండా వెయ్యేళ్ల నాటి చిత్రాలు, బొమ్మలు ఉన్నాయి. 1975 జనవరిలో వచ్చిన కిన్నౌర్ భూకంపానికి దెబ్బతిన్నా నిలిచిన మఠమది. లోపల ఫొటోలు తీయనివ్వరు, చీకటిగా ఉంటుంది. చిన్న టార్చి దగ్గర ఉంచుకోండి.

తాబోలో రెండు రాత్రులు ఉంటే ఇంకా మంచిది. ఆ తర్వాత కాజా, సుమారు 3,650 మీటర్లు. అక్కడ కనీసం రెండు రాత్రులు గడిపాకే 4,200 మీటర్లు దాటిన కిబ్బర్‌లో గానీ, 4,400 దగ్గరున్న లాంగ్జాలో గానీ పడుకోవాలి. 4,166 మీటర్ల కీ మఠాన్నీ, హిక్కిం తపాలా కార్యాలయాన్నీ పగటిపూట చూసి కాజాకు దిగి వచ్చేయండి. చంద్రతాల్ సరస్సు ఈ కాలంలో లేనట్టే.

ఒంటి మాట వినండి

కాజా దగ్గర గాలిలో పీడనం సముద్ర తీరంలో ఉన్నదానిలో మూడింట రెండొంతులే. విశాఖలో ఉదయాన్నే పది కిలోమీటర్లు పరుగెత్తేవారైనా అక్కడ మేడ మెట్లెక్కితే ఆయాసపడతారు. ఒంట్లో బలానికీ ఎత్తు పడకపోవడానికీ సంబంధం లేదు. బలంగా ఉన్నవాళ్లే మొండికేసి ప్రమాదం తెచ్చుకుంటారు.

తలనొప్పి, ఆకలి లేకపోవడం, వాంతి వచ్చేట్టు ఉండడం, నిద్ర పట్టకపోవడం: ఇవి కనిపిస్తే ఆ రోజు ఇంకా పైకి వెళ్లకండి. విశ్రాంతి తీసుకుని, గోరువెచ్చని నీళ్లు తాగుతూ ఉండండి. తగ్గకపోతే కిందికి దిగండి. నడక తూలినా, మాట తడబడినా, కూర్చుని ఉండగానే ఊపిరి ఆడకపోయినా, దగ్గులో తడి శబ్దం వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. కాజా ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఆ తర్వాత దించే ఏర్పాటు చేయండి. ఎత్తు పడకపోవడానికి వాడే అసిటజోలమైడ్ మాత్ర సంగతి ఊళ్లో ఉండగానే మీ వైద్యుణ్ని అడిగి తేల్చుకోండి, ముఖ్యంగా సల్ఫా మందులు పడనివాళ్లు. గుండె జబ్బు, ఉబ్బసం, అదుపులో లేని రక్తపోటు ఉన్న పెద్దవాళ్లను చలికాలంలో ఇక్కడికి తీసుకురావద్దు. వాళ్లకు జూలైలో చూపించండి.

మద్యం సంగతి కూడా చెప్పాలి. చలికి ఒక పెగ్గు వేస్తే వెచ్చగా ఉంటుందని మన దగ్గర గట్టి నమ్మకం. తాగినప్పుడు చర్మంలోకి రక్తం పారి వెచ్చగా అనిపిస్తుంది, అదే దారిలో ఒంట్లో వేడి బయటికి పోతుంది. మొదటి నాలుగు రోజులు అసలు ముట్టవద్దు.

బట్టలు: నూలు ఇంట్లో పెట్టేయండి

మనకు నూలు బట్ట మీద మమకారం ఎక్కువ. లోపల నూలు బనియను, మీద ఎన్ని కోట్లు వేసినా, కొండెక్కేటప్పుడు పట్టిన చెమట ఆ బనియనులోనే నిలిచిపోతుంది. ఆగిన మరుక్షణం అది మంచుగడ్డలా వీపుకు అతుక్కుంటుంది. ఒంటికి తగిలేది ఉన్ని గానీ చెమట పీల్చి ఆరిపోయే కృత్రిమ థర్మల్ గానీ ఉండాలి. దాని మీద ఫ్లీస్ లేదా ఉన్ని స్వెటరు, ఆపైన ఈకల కోటు, అన్నిటికన్నా బయట గాలి చొరబడని పొర. కాళ్లకూ ఇదే వరస. నాలుగు పొరలు వేసుకుని నడవడం మొదలుపెట్టగానే ఒకటి విప్పండి. కాస్త చలేస్తున్నట్టు ఉన్నప్పుడు బయల్దేరితేనే చెమట పట్టదు.

బూట్లు మీ కొలత కన్నా ఒక సైజు పెద్దవి కొనండి. రెండు జతల మేజోళ్లతో బూటు బిగుసుకుపోతే రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. లోపల వేళ్లు కదిలించగలగాలి. రాత్రికి విడిగా ఒక పొడి ఉన్ని మేజోళ్ల జత ఉంచుకోండి, పగలు వేసుకున్నవాటితో పడుకోకండి. చేతులకు లోపల పల్చటి తొడుగు, మీద నాలుగు వేళ్లూ ఒకే అరలో ఉండే మందపాటి తొడుగు. ఫొటో కోసం పై తొడుగు తీసినా లోపలిది ఉంటుంది. చల్లబడిన ఇనుప గొళ్లేన్నో కెమెరా స్టాండు కాలినో ఒట్టి చేత్తో పట్టుకుంటే చర్మం అతుక్కుని లేచి వస్తుంది.

నల్ల కళ్లద్దాలు సోకు కోసం కాదు. ఎండ మంచు మీద పడి కింది నుంచి కూడా కళ్లలోకి కొడుతుంది. ఒక్క పూట అద్దాలు లేకుండా తిరిగితే ఆ రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు మండుతాయి. పెదవులకు పూత, ముఖానికి ఎండ తగలని క్రీము తెచ్చుకోండి. కొబ్బరినూనె నమ్ముకుని వచ్చేవాళ్లకు ఒక మాట: సిమ్లా దాటక ముందే అది సీసాలో రాయి అయిపోతుంది.

బట్టలు కొనడానికి డబ్బు సరిపోకపోతే కోటు అద్దెకు తీసుకోండి, బూట్లు మాత్రం సొంతంగా కొని, బయల్దేరడానికి నెల ముందు నుంచే వేసుకుని తిరగండి.

బండి

సొంత కారు వద్దు. మన ఘాట్ రోడ్ల అనుభవం ఇక్కడ పనికిరాదు. పల్చటి అద్దంలా రోడ్డు మీద గడ్డకట్టిన నీళ్లు కంటికి కనిపించవు. బ్రేకు తొక్కగానే బండి పక్కకు జారుతుంది, పక్కన నది ఉంటుంది. కిన్నౌర్ లేదా స్పితి డ్రైవరునే మాట్లాడుకోండి. చక్రాలకు కట్టే గొలుసులు, పార, లాగే తాడు బండిలో ఉన్నాయో లేదో బయల్దేరే ముందు అడిగి, కళ్లతో చూసుకోండి. మామూలు డీజిలు ఆ చలికి చిక్కబడి ఫిల్టరులో పూడుకుపోతుంది. చలికాలపు డీజిలు పోయించారా, రేడియేటరులో గడ్డకట్టని ద్రవం వేశారా అన్నవి కూడా అడగాల్సిన ప్రశ్నలే. రాత్రి బండి నిలిపినప్పుడు డ్రైవరు హ్యాండ్‌బ్రేకు వేయకుండా గేరులో పెట్టి చక్రాల కింద రాళ్లు పెడితే కంగారుపడకండి. వేస్తే తెల్లారేసరికి బ్రేకు గడ్డకట్టి పట్టేస్తుంది.

ఖర్చు తగ్గించుకోవాలంటే హిమాచల్ రోడ్డు రవాణా సంస్థ బస్సు ఉంది. రోడ్డు తెరిచి ఉన్న రోజుల్లో పొద్దున్నే రెకాంగ్ పియో నుంచి కాజాకు బయల్దేరుతుంది. ముందురోజు సాయంత్రమే బస్టాండుకు వెళ్లి మర్నాడు నడుస్తుందో లేదో కనుక్కోండి. వాతావరణ శాఖ హెచ్చరికలతో పాటు, హిమపాతాల మీద రక్షణ శాఖ పరిశోధన సంస్థ ఇచ్చే హెచ్చరికలను కూడా గమనించండి. ఆ రెంటికన్నా ముందు డ్రైవరు మాట. ఆయన ఆకాశం చూసి ఈ రోజు వద్దంటే వద్దే.

2011 లెక్కల ప్రకారం 13,800 చదరపు కిలోమీటర్లు దాటిన ఈ జిల్లాలో మొత్తం జనం 31,564. చదరపు కిలోమీటరుకు ఇద్దరు. మీ బండి ఆగిపోతే ఇంకో బండి వచ్చేదాకా ఎంతసేపు పడుతుందో చెప్పలేం. అందుకే తినడానికి ఏమైనా, ఫ్లాస్కులో వేడినీళ్లు, దుప్పటి డిక్కీలో కాదు, మీ ఒళ్లో ఉండాలి.

ఇంట్లో ఉండడం నేర్చుకోండి

చలికాలంలో హోటళ్లు చాలావరకు మూసేస్తారు. నీటి గొట్టాలు పగిలిపోతాయని కొళాయిలు ఖాళీ చేసి తాళం వేసి కిందికి వెళ్లిపోతారు. మీరు ఉండేది ఎవరో ఒకరి ఇంట్లో. హోమ్‌స్టే అని పేరేగానీ, మీరు వెళ్లేది ఒక కుటుంబం చలిని దాటించడానికి ఆరు నెలలకు సరిపడా కూడబెట్టుకున్న సరుకు మధ్యలోకి. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగతా మర్యాదలన్నీ వాటంతటవే తెలుస్తాయి.

స్పితి ఇల్లు మందపాటి మట్టి గోడలది. పైన బల్లపరుపు కప్పు, దాని అంచుల వెంట కట్టెలు, ఎండుగడ్డి పేర్చి ఉంటాయి. కింది గదుల్లో పశువులు. చలికాలంలో ఇంటిల్లిపాదీ ఒకే గదిలోకి చేరతారు. ఆ గది నడుమ రేకు పొయ్యి, దాన్ని అక్కడ తందూర్ అంటారు. మన రొట్టెల తందూరీ గుర్తుకు తెచ్చుకోకండి. ఇది నాలుగు కాళ్ల రేకు పెట్టె, పొగగొట్టం కప్పులోంచి బయటికి పోతుంది. పైన కెటిలు, పక్కన కుక్కరు, గొట్టం చుట్టూ ఆరేసిన మేజోళ్లు. వంట, వెచ్చదనం, నీళ్లు కాగడం, కబుర్లు అన్నీ దాని చుట్టూనే.

కట్టె గురించి తెలుసుకోండి. ఆ లోయలో అడవి లేదు. నది ఒడ్డున కొన్ని పోప్లార్, విల్లో చెట్లు, అంతే. వంటచెరకు కింది నుంచి లారీల్లో రావాలి. ప్రభుత్వం తక్కువ ధరకు ఇచ్చేదాన్ని ఎండాకాలం పోకముందే తెచ్చి పేర్చుకుంటారు. దానికి తోడు పశువుల పేడ పిడకలు. కాబట్టి చలిగా ఉందని మీ అంతట మీరు పొయ్యిలో కట్టె వేయకండి. ఎప్పుడు ఎంత వేయాలో ఇంటావిడకు లెక్క ఉంటుంది. పొయ్యిలో చెత్త, ప్లాస్టిక్ కవర్లు అసలు వేయకూడదు. వాళ్లకు పొయ్యి పవిత్రం, దాని వైపు అరికాళ్లు చాపి కూర్చోవడమూ తప్పే. పొయ్యికి దగ్గరి చోటు పెద్దవాళ్లది. ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చోండి. అతిథి కదా అని వాళ్లే లేచి చోటిస్తే అది వేరు.

పడుకునే వేళకు పొయ్యి ఆరిపోనిస్తారు. మీరు పడుకునే గదికి పొయ్యి ఉండకపోవచ్చు. బరువైన రజాయిలు రెండు ఇస్తారు, మీ స్లీపింగ్ బ్యాగు వాటి లోపల పెట్టుకోండి. రబ్బరు సంచిలో వేడినీళ్లు అడిగి తీసుకుని, పడుకునే పావుగంట ముందు కాళ్ల దగ్గర పెట్టండి. తెల్లారేసరికి ఆ నీళ్లు గోరువెచ్చగా ఉంటే ముఖం కడుక్కోవడానికి వాడుకోవచ్చు. నిప్పుల కుంపటి మాత్రం మూసిన గదిలో పెట్టుకుని నిద్రపోకండి. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఎవరైనా ప్రేమతో తెచ్చి పెట్టినా, పడుకునే ముందు బయట పెట్టేయమనండి.

నీళ్లు కట్టెల కన్నా విలువైనవి. గొట్టాలు గడ్డకట్టాక ఊటల నుంచి డబ్బాల్లో మోసుకొస్తారు, లేదంటే మంచు తెచ్చి పొయ్యి మీద కరిగిస్తారు. బకెట్ నిండా మంచు కరిగితే అడుగున చెంబెడు నీళ్లు. అందుకే స్నానం అన్న మాట తలపెట్టకండి. రోజూ తలస్నానం లేనిదే పూజ చేయనివారు ఉంటే, ఆ నియమాన్ని సిమ్లాలో వదిలి వెళ్లండి. ఈ చలికి చెమట పెద్దగా పట్టదు, దుమ్ము లేదు, మీరనుకున్నంత ఇబ్బంది ఉండదు. తడి జుట్టుతో బయటికి వస్తే మాత్రం అది పుల్లల్లా గట్టిపడుతుంది.

మరుగుదొడ్డి సంగతి ఎవరూ వివరంగా చెప్పరు కాబట్టి నేను చెబుతాను. అది పొడి మరుగుదొడ్డి. పై అంతస్తులో చిన్న గది, నేలలో ఒక కంత, మూలన మట్టి గుట్ట, పార. పని అయ్యాక రెండు పారల మట్టి లేదా పొయ్యి బూడిద కంతలోకి వేయాలి. నీళ్లు పోయకూడదు. పోస్తే గడ్డకడుతుంది, కింద ఎరువూ పాడవుతుంది. ఎండాకాలం మొదలవగానే ఆ ఎరువు యవల పొలాలకు, బఠానీ పొలాలకు వెళ్తుంది. అందుకే తడి టిష్యూలు, ప్యాడ్లు, ఏ ప్లాస్టిక్కూ కంతలో వేయవద్దు. మామూలు కాగితం రుమాళ్లు తెచ్చుకోండి, వాడినవి వేరే సంచిలో పెట్టుకుని కాజాకు తీసుకుపోండి. నీళ్లు లేకపోతే గడవదనుకునేవారు చిన్న చెంబెడు గోరువెచ్చని నీళ్లు అడిగి, కంతలో కాకుండా బయట వాడుకునే చోటు ఎక్కడో ముందే కనుక్కోండి. రాత్రి పడుకునే ముందు వెళ్లి రావడం అలవాటు చేసుకుంటే, రెండు గంటలకు రజాయి వదిలి లేవాల్సిన అవస్థ తప్పుతుంది.

ఇక తిండి. అన్నం, పప్పు, బంగాళాదుంపలు దొరుకుతాయి. నూడుల్స్ చారు తుక్పా, మోమో, యవల పిండి త్సంపా వాళ్లవి. పచ్చి కూరగాయలు ఆశించకండి. కాజా ఎత్తులో నీళ్లు ఇంచుమించు 88 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి కుక్కరు లేకుండా కందిపప్పు ఉడకదు. గంట ఉడికించినా పలుకుగానే ఉంటుంది. ఇక్కడ మన సరుకు బాగా అక్కరకొస్తుంది. కందిపొడి, కరివేపాకు పొడి తెచ్చుకోండి. ఆవకాయ తెస్తే దాని నూనె చిక్కబడిపోతుంది, సీసాను కాసేపు పొయ్యి పక్కన ఉంచాలి. ఇంటివాళ్లకూ రుచి చూపించండి, కాకపోతే ముందు కారం సంగతి హెచ్చరించండి.

ఉప్పు, వెన్న వేసిన టీ ఇస్తారు. దాన్ని టీ అనుకోకుండా చారు అనుకుని తాగితే ఇష్టపడతారు. ఒక గుక్క తాగగానే గిన్నె మళ్లీ నింపుతారు. వద్దంటే మొహమాటం అనుకుంటారు. చాలనుకున్నప్పుడు నిండు గిన్నెను అలాగే వదిలేసి, లేచే ముందు తాగండి.

ఫోను, డబ్బు, కాగితాలు

నగదు సిమ్లాలోనే తీసుకోండి. కాజాలో ఏటీఎం ఉన్నా కరెంటు, నెట్‌వర్కు రెండూ ఒకేసారి ఉంటేనే అది పలుకుతుంది. ఊళ్లలో సిగ్నలు అంతంతమాత్రం. ఇంట్లోవాళ్లకు రెండు రోజులు ఫోను రాకపోతే కంగారుపడొద్దని ముందే చెప్పి రండి. ఫోను, పవర్ బ్యాంకు, కెమెరా బ్యాటరీలు కోటు లోపలి జేబులో ఉంచండి, రాత్రి పక్కలో పెట్టుకోండి. చలికి సగం ఛార్జింగు ఉన్న ఫోను కూడా ఉన్నట్టుండి ఆగిపోతుంది. బయటి నుంచి వచ్చిన కెమెరాను వెచ్చని గదిలో వెంటనే బయటికి తీస్తే లోపల తేమ పడుతుంది, సంచిలోనే ఓ గంట ఉండనివ్వండి.

భారత పౌరులకు అనుమతి పత్రం అక్కర్లేదు, గుర్తింపు కార్డు చాలు. సుమ్‌దో దగ్గర పోలీసులు వివరాలు రాసుకుంటారు. అయితే అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడి ఆ దేశ పాస్‌పోర్టు తీసుకున్న మన బంధువులు తోడుంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఈ సరిహద్దు దారికి వాళ్లకు అనుమతి కావాలి. సిమ్లాలో గానీ రెకాంగ్ పియోలో గానీ తీసుకోవచ్చు. కార్యాలయం సెలవు రోజున చేరకుండా చూసుకోండి.

మంచు చిరుత కోసమైతే

కిబ్బర్ చుట్టుపక్కల జనవరి నుంచి మార్చి దాకా నీలి గొర్రెలు, ఐబెక్స్ మేకలు కిందికి దిగుతాయి, వాటి వెంట చిరుత కూడా దిగుతుంది. 2024లో వెలువడిన దేశవ్యాప్త లెక్కలో తేలినవి 718. అందులో హిమాచల్ వాటా 51. అంటే చూసే తీరతామనే హామీ ఎవరూ ఇవ్వలేరు. కిబ్బర్ కుర్రాళ్లు తెల్లవారకముందే కొండల అంచులు గాలించి, అడుగుజాడలు చూసి కబురు చెబుతారు. వాళ్లను మాట్లాడుకోండి. మీ పని దుర్భిణి పట్టుకుని ఎదుటి కొండను చూస్తూ గంటల తరబడి కదలకుండా కూర్చోవడం. కదలకుండా కూర్చున్నప్పుడే చలి ఎముకల్లోకి దిగుతుంది కాబట్టి నడిచేటప్పటి కన్నా ఇంకో పొర ఎక్కువ వేసుకోండి, కింద వేసుకోవడానికి మందపాటి ఫోము చాప పట్టుకెళ్లండి. కనిపించినా దగ్గరికి వెళ్లమని గైడును బతిమాలవద్దు.

తిరుగు ప్రయాణం

వాతావరణం చెడబోతోందని తెలిస్తే అనుకున్నదానికన్నా ఒక రోజు ముందే కాజా వదలండి. చూడాల్సింది ఇంకా మిగిలిందని ఆగితే ఆ ఒక్క రోజు అయిదు రోజులవుతుంది. ఉదయం మరీ పొద్దున్నే రోడ్డు మీద మంచుగడ్డ, మధ్యాహ్నం దాటాక ఎండకు వదులైన కొండ రాళ్లు. ఈ రెంటి మధ్య దొరికే వేళలో నాకో ప్రాంతం దాటేలా బయల్దేరే సమయం డ్రైవరుతో మాట్లాడుకోండి.

ఇంటివాళ్లకు డబ్బు నగదుగానే ఇవ్వండి, బేరం ఆడొద్దు. మిగిలిన మందులు, టార్చి బ్యాటరీలు, పొడులు వాళ్లకు కావాలేమో అడిగి ఇచ్చి రండి. పాత బట్టలు అడగకుండా వదిలిపెట్టి రావడం మర్యాద కాదు. చెత్త సంచి మాత్రం మీతోనే కిందికి రావాలి. రాంపూర్ చేరేసరికి సట్లెజ్ ఒడ్డు వెచ్చగా అనిపిస్తుంది, పై పొరలన్నీ విప్పేస్తారు. ఆ రాత్రి వేడినీళ్లు ఉన్న హోటలు గది ముందే చెప్పి ఉంచుకోండి, అక్కడ రెండు బకెట్లు అడిగినా ఎవరూ ఏమీ అనుకోరు.